ఒళ్లోనే ప్రయోగశాల

2020 మార్చిలో కరోనా దెబ్బకు విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. పసిపిల్లల మనసు మీద పరిశోధన చేసేవాళ్లకు పెద్ద చిక్కొచ్చింది. పెద్దవాళ్లకైతే ప్రశ్నలు పంపి జవాబులు రాబట్టవచ్చు. ఆరు నెలల పాపకు ఏం పంపుతారు? పైగా పిల్లల వయసు ఎవరి కోసమూ ఆగదు. ఏడో నెలలో చూడాల్సింది పదో నెలలో చూస్తే లెక్కకు రాదు.

అమెరికాలో దారి ముందే పడి ఉంది. ఎంఐటీలో కిమ్ స్కాట్, లారా షుల్జ్ 'లుకిట్' అనే ఆన్‌లైన్ వేదిక తయారుచేసి, దాని పనితీరును 2017లోనే ప్రచురించారు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు, కెమెరా బిడ్డ చూపుల్ని రికార్డు చేస్తుంది. 2020లో పలువురు పరిశోధకులు కలిసి, అందరి అధ్యయనాలూ ఒకేచోట దొరికేలా 'చిల్డ్రన్ హెల్పింగ్ సైన్స్' మొదలుపెట్టారు.

చూపులతో ఏం తెలుస్తుందంటారా? 1992లో మనస్తత్వ శాస్త్రవేత్త కరెన్ విన్ ఐదు నెలల పిల్లలకు ఒక బొమ్మ చూపించి, దానికి తెర అడ్డుపెట్టి, వాళ్లు చూస్తుండగానే తెర వెనక ఇంకో బొమ్మ పెట్టారు. తెర దించాక రెండు బొమ్మలుంటే సరే. ఒక్కటే కనిపిస్తే మాత్రం పిల్లలు ఎక్కువసేపు చూశారు. లెక్క తప్పిందని వాళ్లకు తెలిసిందన్నమాట! మాటలు రాని బిడ్డకు చూపే జవాబు.

ల్యాబ్‌లోని పరికరాలు కంటిపాప ఏ బిందువు మీద నిలిచిందో చెబుతాయి. ఇంటి కెమెరాకు అంత శక్తి లేదు. ఎడమకు చూశాడా, కుడికా, అసలు తెరవైపే చూడలేదా, అంతవరకే. అందుకే బొమ్మల్ని తెరకు రెండు చివర్లా పెట్టి ప్రయోగాలు మలిచారు.

నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. కొన్ని ప్రయోగాల్లో అమ్మానాన్నలు కళ్లు మూసుకోవాలి, లేదా బిడ్డను భుజాన వేసుకుని తెరకు వీపు పెట్టి నిలబడాలి. వాళ్లు ఎటు చూస్తే పిల్లలూ అటే చూస్తారు మరి!

అనుమతి కూడా సంతకంతో కాదు. కెమెరా ముందు అంగీకార వాక్యాన్ని పైకి చదివి ఒప్పుకోవాలి. పరిశోధకులు ముందు ఆ ముక్క సరిచూసుకున్నాకే మిగతా వీడియో తెరుస్తారు.

నిజానికి పసిపిల్లల మనసును చదివే ఈ శాస్త్రం ఇళ్లలోనే పుట్టింది. డార్విన్ తన కొడుకు ఎదుగుదలపై రాసుకున్న నోట్సును 1877లో ప్రచురించాడు. మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే తన ముగ్గురు పిల్లల్నీ గమనిస్తూనే సిద్ధాంతాలు కట్టాడు.

పెద్ద లోటు వేరే ఉంది. ప్రముఖ మనస్తత్వ శాస్త్ర పత్రికల్లోని అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య సంపన్న దేశాలవాళ్లేనని 2010లో జోసెఫ్ హెన్రిక్ బృందం ఎత్తిచూపింది. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతమే. ఆన్‌లైన్ పద్ధతి దూరాన్ని చెరిపింది కానీ, లుకిట్‌కు కంప్యూటరే కావాలి, ఫోన్ చాలదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఫోనే. ఫోన్‌లో నడిచే, తెలుగులో మాట్లాడే ప్రయోగాల్ని మన విశ్వవిద్యాలయాల మనస్తత్వ శాస్త్ర విభాగాలే తయారుచేయాలి.