విగ్గుకు దాహం వేస్తుందా?

కిందటి జనవరిలో షికాగో నుంచి నా పాత విద్యార్థిని ఒకామె ఉత్తరం రాసింది. జబ్బుకు వైద్యం జరుగుతుండగా ఆమె జుట్టంతా ఊడిపోయింది. హైదరాబాదులో ఉన్నప్పుడే అసలు వెంట్రుకలతో చేసిన విగ్గు కొనుక్కుంది. ఇక్కడ రెండు నెలలు చక్కగా ఉన్న విగ్గు, అక్కడికి చేరిన మూడు వారాలకే ఎండుగడ్డిలా తయారైందట. మెడ దగ్గర చిక్కులు, దువ్వెన పెడితే చిటపటలు. "దుకాణంవాడు మోసం చేశాడా మాష్టారూ? ఇది పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాలంటే బెరుకుగా ఉంది" అని అడిగింది. దుకాణంవాణ్ణి తిట్టుకునే ముందు గదిలోని గాలిని విచారించమ్మా అని జవాబు రాశాను. ఎందుకో చూద్దాం.

వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీనుతో తయారవుతుంది. మన తలమీది వెంట్రుకకు కూడా ప్రాణం లేదు. ప్రాణమంతా చర్మం లోపలున్న కుదురులోనే. కనుకనే క్షవరం చేయించుకుంటే నొప్పి పుట్టదు. అయితే కుదురు పక్కనే ఒక చిన్న తైలగ్రంథి ఉండి, వెంట్రుకకు పలుచగా నూనె పూస్తూ ఉంటుంది. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలు వేలంలో అమ్ముడై, విగ్గులుగా మారి విదేశాలకు వెళ్తాయని మీకు తెలుసు. ఆ వెంట్రుకలకు ఇక ఆ గ్రంథి లేదు.

వెంట్రుకకు ఇంకొక గుణం ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. తేమ పీల్చినప్పుడు కొద్దిగా సాగుతుంది, ఆరినప్పుడు కురచవుతుంది. పూర్తిగా పొడిగాలి నుంచి పూర్తిగా తేమగాలికి మారిస్తే, 100 సెంటీమీటర్ల వెంట్రుక 2 సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. జెనీవా శాస్త్రజ్ఞుడు సొస్యూర్ ఈ గుణంతోనే తేమను కొలిచే పరికరాన్ని తయారుచేసి, 1783లో దాన్ని గురించి గ్రంథం ప్రకటించాడు.

ఇప్పుడు షికాగోకు వెళ్దాం. బయట మంచు కురుస్తుంటే గాలిలో తేమ లేకపోవడమేమిటి అని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేసి చూడండి. 0 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఒక ఘనపు మీటరు గాలి ఎంత మోసినా సుమారు 4.8 గ్రాముల నీటిఆవిరిని మాత్రమే మోయగలదు. అదే గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే 17.3 గ్రాములు మోయగలదు. కాని దానిలో ఉన్నది 4.8 గ్రాములే! 4.8ని 17.3తో భాగించండి. సాపేక్ష ఆర్ద్రత 28 శాతం. బయట ఇంకా చలిగా, సున్నకు 10 డిగ్రీలు తక్కువగా ఉంటే ఇంట్లో 13 శాతం దగ్గరకు పడిపోతుంది. దాహం వేసింది గాలికి. అది విగ్గులోని తేమను తాగేసింది.

చిక్కుల సంగతి వేరు. వెంట్రుక పైభాగాన పెంకుటింటి కప్పులా పొలుసులు ఉంటాయి. వాటి అంచులు కొసవైపు తిరిగి ఉంటాయి. ఒక పొడుగాటి వెంట్రుకను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి పొడవు వెంబడి ముందుకూ వెనక్కూ నలపండి. అది మొదలు వైపుకే జరిగిపోతుంది! కొన్ని వెంట్రుకలు తలకిందులుగా కలిస్తే పొలుసులు ఒకదానితో ఒకటి మెలిపడతాయి. మా అమ్మమ్మ రాలిన వెంట్రుకలు పోగుచేసి కట్టించుకున్న సవరం ఎందుకు అంతగా చిక్కుపడేదో నాకు కాలేజీలో చేరాక గాని అర్థం కాలేదు. మంచి విగ్గులో మొదళ్లన్నీ ఒకే వైపు ఉంటాయి. అయినా, ఎండిపోయిన వెంట్రుకలు ఉన్ని కోటు కాలరుకు రోజంతా రాచుకుంటే చిక్కు తప్పదు.

చిటపటలు స్థిర విద్యుత్తువి. ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వితే దువ్వెనకు ఋణావేశం, వెంట్రుకలకు ధనావేశం వస్తాయి. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి కనుక వెంట్రుకలు విడివిడిగా లేస్తాయి. గాలిలో తేమ ఉంటే ఆ ఆవేశం జారిపోయేది.

కారణం తెలిశాక ఉపాయాలు కష్టం కాదు. గదిలో తడి తువ్వాలు ఆరవేయమన్నాను. విగ్గును హీటరుకు దూరంగా ఉంచమన్నాను. మెడకూ కాలరుకూ మధ్య సిల్కు రుమాలు కట్టుకోవాలి. పళ్లు వెడల్పుగా ఉన్న చెక్క దువ్వెనతో ముందు కొసలు, తరువాత పైకి దువ్వాలి. ఉతికినప్పుడు గోరువెచ్చని నీళ్లు, తక్కువ షాంపూ, ఆపైన కొసలకు కండిషనరు. అది వెంట్రుకమీద జారుడు పొరగా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది. పూర్తిగా ఆరకుండా పెట్టుకుని బయటికి పోకూడదు. నీరు కెరాటిన్‌లోని హైడ్రోజన్ బంధాలను సడలిస్తుంది, తడి వెంట్రుక తేలికగా సాగి తెగుతుంది.

వాళ్లమ్మగారు ఇక్కడి నుంచి కొబ్బరినూనె పంపారట. మన ఇళ్లలోనే డిసెంబరులో సీసాలో పేరుకునే నూనె అది. 24 డిగ్రీలకు దిగువన గడ్డకడుతుంది. విగ్గుకు పట్టిస్తే జిడ్డుగా పేరుకుని దుమ్ము పట్టుకుంటుంది. అది వంటకు వాడుకోమన్నాను.

ఫిబ్రవరిలో మళ్లీ ఉత్తరం వచ్చింది. ఆర్ద్రతామాపకం కొని చూస్తే గదిలో 19 శాతం ఉందట. తువ్వాళ్లు ఆరవేశాక 35 వరకు పెరిగింది, చిటపటలు ఆగాయి. రోజూ ఆఫీసుకు పెట్టుకునే వెళ్తోంది. మెడ దగ్గర ముడిపడిన రెండంగుళాలు మాత్రం కత్తిరించక తప్పలేదు. విగ్గుకు జుట్టు మళ్లీ పెరగదు కదా. ఆమె తలమీద మాత్రం కొత్త జుట్టు వేలికి తగులుతోందని రాసింది.