సంఖ్య మారకపోయినా అంకెల మొత్తం ఎందుకు మారుతుంది?

18లో అంకెలు కూడితే 1+8=9. 18ని 9 శేషం లేకుండా భాగిస్తుంది. ఇలా తన అంకెల మొత్తంతో భాగింపబడేదే హర్షద్ సంఖ్య. ఆ పేరు పెట్టింది మహారాష్ట్రలోని దేవళాలీ బడిపంతులు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ (1905–1986).

20 కూడా హర్షదే: 2+0=2. 14 కాదు: 1+4=5.

ఇప్పుడు రాసే పద్ధతి మారుద్దాం. ఒకట్లు, పదులు, వందల స్థానాలకు బదులు ఫిబొనాచీ సంఖ్యలు తీసుకుందాం: 1, 2, 3, 5, 8, 13... వరసగా రెండింటిని కూడితే తర్వాతిది వస్తుంది. ఏదీ రెండుసార్లు వాడకూడదని, పక్కపక్కవి కలిపి వాడకూడదని నియమం పెట్టుకుంటే, ఏ ధన పూర్ణసంఖ్యనైనా వీటి మొత్తంగా ఒకే ఒక్క రకంగా రాయగలం. పెద్దదాని నుంచి మొదలుపెట్టి, వాడిన చోట 1, వాడని చోట 0 వేస్తాం.

14=13+1, అంటే 100001. అంకెల మొత్తం 2. అది 14ని భాగిస్తుంది!

20=13+5+2, అంటే 101010. మొత్తం 3. అది 20ని భాగించదు.

ఎందుకిలా? 20ని ఏవి భాగిస్తాయో ఎప్పటికీ మారదు. అంకెలు మాత్రం మనం ఎంచుకున్న పద్ధతిని బట్టి మారతాయి.

మన దశాంశ పద్ధతిలో 10 ఆధారం. 2 మొదలుకొని ఏ పూర్ణసంఖ్యను ఆధారంగా తీసుకున్నా హర్షద్‌గా నిలిచేవి 1, 2, 4, 6 మాత్రమే. 8 ఎందుకు కాదు? 6 ఆధారంగా రాస్తే 8 అంటే 12 (ఒక ఆరు, రెండు ఒకట్లు). అంకెల మొత్తం 3. అది 8ని భాగించదు. మిగతావి ఎక్కడ తప్పుతాయో మీరే కూడి చూడండి!