హరితగృహ వాయువులు: లెక్క ఒక పద్దులో, కారణం మరొక చోట

భారత ప్రభుత్వం 2024 డిసెంబరు 30వ తేదీన ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల ఒడంబడిక సచివాలయానికి తన నాలుగవ ద్వైవార్షిక నివేదికను సమర్పించినది. దాని ప్రకారం 2020 సంవత్సరంలో దేశం నుండి వెలువడిన హరితగృహ వాయువులు, కార్బన్ డయాక్సైడుతో సమానం చేసి లెక్కించగా, 295.9 కోట్ల టన్నులు. అడవులు, భూవినియోగం ద్వారా తిరిగి పీల్చుకొనబడిన సుమారు 52 కోట్ల టన్నులను మినహాయిస్తే నికరంగా 243.7 కోట్ల టన్నులు మిగిలినవి. మొత్తంలో ఇంధన రంగం వాటా 75.66 శాతం, వ్యవసాయం 13.72 శాతం, పారిశ్రామిక ప్రక్రియలు 8.06 శాతం, వ్యర్థ పదార్థాలు 2.56 శాతంగా నమోదైనవి. 2019తో పోల్చినపుడు 7.93 శాతం తగ్గుదల కనిపిస్తున్నది. కోవిడ్ కాలంలో ఆర్థిక కార్యకలాపాలు స్తంభించుట ఇందుకు ప్రధాన కారణం గనుక, దీనిని విధానాల ఫలితంగా పేర్కొనుట సరికాదు.

ఈ సంఖ్యలను ఉటంకించునపుడు ఒక విషయం గమనింపదగినది. వాయువు ఏ చోట వెలువడితే ఆ చోటి పద్దులోనే అది నమోదవుతుంది. దానికి కారణమైన అవసరం ఎక్కడ పుట్టినదో పట్టిక చెప్పదు. ఏ శాఖ ఏమి చేయవలెనన్న నిర్ణయానికి ఈ రెండవ విషయమే ముఖ్యం.

ఇంధన రంగంలో సింహభాగం విద్యుదుత్పత్తిది. దేశపు మొత్తం ఉద్గారాలలో 39 శాతం దీని నుండే వస్తున్నవి. రామగుండంలోని 2,600 మెగావాట్ల కేంద్రం సింగరేణి బొగ్గును, విశాఖపట్నం సమీపాన గల సింహాద్రి కేంద్రం ఒడిశా బొగ్గును మండిస్తున్నవి. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ విద్యుత్తు తయారీకి దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. జల, అణు, పవన, సౌర విద్యుత్తు కలిసిన జాతీయ గ్రిడ్ సగటు సుమారు 0.7 కిలో. 2025 జూన్ నాటికి శిలాజేతర వనరుల స్థాపిత సామర్థ్యం దేశంలో 50 శాతానికి చేరినది. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సూర్యాస్తమయం తరువాత సౌర ఫలకాలు పనిచేయవు. సాయంత్రపు గరిష్ఠ గిరాకీని తీర్చుటలో బొగ్గుదే నేటికీ పెద్ద పాత్ర. "దేశంలో సగం విద్యుత్తు స్వచ్ఛమైనదే" అని వచ్చిన వార్తలు ఈ తేడాను విస్మరించినవే.

రామగుండం పొగగొట్టం నుండి వెలువడిన వాయువుకు కారణం అనంతపురం లేదా నల్లగొండ జిల్లాలోని బోరుబావి కావచ్చు. వెయ్యి ఘనపు మీటర్ల నీరు, అనగా ఒక ఎకరం మడిలో దాదాపు పావు మీటరు ఎత్తున నిలిచే నీరు, 100 మీటర్ల లోతు నుండి పైకి రావలెనంటే, మోటారు, పంపు, పైపులు కలిపి సామర్థ్యం 40 శాతమనుకొన్నచో, సుమారు 680 యూనిట్లు ఖర్చవుతవి. గ్రిడ్ సగటు ప్రకారం అది 475 కిలోల కార్బన్ డయాక్సైడు. నీరు 30 మీటర్లలోనే లభించినచో ఇది 145 కిలోలకు మించదు. భూగర్భ జలమట్టం పడిపోయిన కొలది అదే పంటకు ఉద్గారాలు పెరుగుతవి. ఇదంతా ఇంధన రంగం పద్దులోనే ఉంటుంది, వ్యవసాయపు 13.72 శాతంలో ఒక్క యూనిట్ కూడా లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఉచిత వ్యవసాయ విద్యుత్తు రైతుకు పెద్ద ఊరట కలిగించినది. అదే సమయంలో, పాత మోటారు మార్చుకొనుటకు రైతుకు లాభమేమీ మిగలలేదన్నది కూడా ఒప్పుకొనవలసిన మాట. వ్యవసాయ ఫీడర్లకు పగటి వేళ సరఫరా చేసినచో ఆ గిరాకీ సౌర విద్యుత్తు లభించే గంటలలోనికి మారుతుంది. రైతుకు రాత్రి వేళ పొలానికి పోవలసిన ప్రమాదమూ తప్పుతుంది.

వ్యవసాయం పద్దులో సగానికి మించిన వాటా పశువులది. నెమరువేయు జంతువుల మొదటి పొట్టలో మేత పులిసినపుడు మీథేన్ పుడుతుంది. ఎండు చొప్ప, వరిగడ్డి వంటి నాసి మేతపై బ్రతికే పశువు ఇచ్చే ప్రతి లీటరు పాలకు వెలువడే మీథేన్ ఎక్కువ. కనుక ఇక్కడ కారణం పశువుల సంఖ్య ఒక్కటే కాదు, మేత నాణ్యత కూడా.

వరి విషయం తెలుగు జిల్లాలకు మరింత దగ్గరిది. మడిలో నీరు నిలిచి ఉన్నంత కాలం నేలలోనికి ప్రాణవాయువు చేరదు; ఆ స్థితిలో బ్రతికే సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని మీథేన్‌గా మార్చుతవి. నూరేళ్ల కాలానికి లెక్కించినపుడు మీథేన్ ఉష్ణ ప్రభావం కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 28 రెట్లు. మడిని తడి, పొడి పద్ధతిలో నడిపి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరిన తరువాతనే మరల నీరు పెట్టినచో మీథేన్ దాదాపు సగానికి తగ్గగలదు. నైట్రస్ ఆక్సైడు కొంత పెరిగే అవకాశమున్నను, మొత్తంపై ప్రయోజనమే. రంధ్రాలు గల ప్లాస్టిక్ గొట్టాన్ని మడిలో పాతి మట్టం చూచుకొనవచ్చును. సాధనం ఇంత చవక అయినను పద్ధతి విస్తరించకుండుటకు కారణం రైతు తెలియనితనం కాదు. బోరు క్రింద నీటి పొదుపు వలన బిల్లు తగ్గదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో నీరు ఎప్పుడు రావలెనో రైతు చేతిలో లేదు. వంతు తప్పితే మరల ఎన్నడు వచ్చునో తెలియని కాలువ చివరి రైతు, వచ్చిన రోజున మడి నింపుకొనక మానడు. అక్కడ మీథేన్‌ను నిర్ణయించునది నీటిపారుదల శాఖ వారి వంతుల పట్టిక.

పరిశ్రమలలో సిమెంటుది విశేష స్థానం. పల్నాడు, నల్లగొండ ప్రాంతాల సున్నపురాయిని బట్టీలో కాల్చినపుడు రాయి నుండే కార్బన్ డయాక్సైడు విడివడుతుంది. టన్ను క్లింకర్‌కు ఇది అర టన్నుకు పైగా ఉంటుంది. సౌర విద్యుత్తు ఎంత వాడినను ఇది ఆగదు. క్లింకర్‌ను తగ్గించి థర్మల్ కేంద్రాల బూడిదను, ఉక్కు కర్మాగారాల స్లాగ్‌ను కలుపుట నేడు అందుబాటులో ఉన్న మార్గం. పోజలానా సిమెంటులో బూడిద 35 శాతం వరకు అనుమతింపబడినది. ఒకే పొగగొట్టం నుండి వచ్చినను, రాయి నుండి వెలువడినది పారిశ్రామిక ప్రక్రియల క్రింద, బట్టీలోని బొగ్గు నుండి వెలువడినది ఇంధన రంగం క్రింద నమోదగుట విలేకరులు గుర్తుంచుకొనదగిన విషయం. విశాఖ ఉక్కు వంటి కర్మాగారాలలో బొగ్గు వేడిని మాత్రమే గాక, ముడి ఖనిజం నుండి ప్రాణవాయువును తొలగించే పనిని కూడా చేస్తున్నది.

రవాణా ఉద్గారాలలో దాదాపు 90 శాతం రోడ్డు వాహనాలవే. రైల్వే బ్రాడ్‌గేజి మార్గాలలో 98 శాతానికి పైగా విద్యుదీకరణ జరుగుటతో డీజిలు పొగ ఆ మేరకు రవాణా పద్దు నుండి తొలగి, కొంత భాగం విద్యుత్ పద్దులో చేరినది. వ్యర్థాల వాటా స్వల్పం. అందులోనూ చెత్త కుప్పల కంటే మురుగునీటి వాటా ఎక్కువ.

కేంద్ర ప్రభుత్వం 2023లో కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకాన్ని ప్రకటించి, 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితపు గుజ్జు రంగాలలోని 282 కర్మాగారాలకు ఉద్గార తీవ్రతా లక్ష్యాలను నిర్ణయించినది. ఉత్పత్తి అయిన ప్రతి టన్ను సరుకుకు ఎంత వాయువు వెలువడినదన్నదే అందులో కొలమానం. ఉత్పత్తి పెరిగినచో మొత్తం ఉద్గారాలు పెరుగుటకు అవకాశం ఉన్నది. వరి మడి, బోరు మోటారు, పశువుల కొట్టం ఈ లక్ష్యాల పరిధిలో లేవు.