స్వామికార్యంతో పాటు స్వకార్యం

పని మీద మన దేశానికి వచ్చే పరదేశి ముందుగా పని సంగతే ఆలోచిస్తాడు. వీసా, విమానం, హోటలు, సమావేశాలు అన్నీ నెల ముందే ఖాయమైపోతాయి. ఊరు చూడటం, ఇంటికి నాలుగు వస్తువులు కొనుక్కుపోవటం అనే రెండో భాగం మాత్రం "టైము చిక్కితే చూద్దాంలే" అన్న ఖాతాలో పడుతుంది. చివరికి ఏమవుతుంది? ఆఖరి సాయంత్రం కారు డ్రైవరు తీసుకుపోయిన ఏదో పెద్ద దుకాణంలో దూరి, చేతికందింది కొని, పెట్టెలో కుక్కుకొని విమానం ఎక్కుతాడు. ఆ దుకాణంలో డ్రైవరుకి కమీషను ఉంటుంది. ఆ కమీషను అతిథి జేబులోంచే పోతుంది. వస్తువు చేసినవాడికి మాత్రం దానివల్ల పైసా పెరగదు.

ఇదంతా మనకెందుకు అని మిత్రులు అడగవచ్చు. హైదరాబాదులో విత్తనాలు, మందులు, కంప్యూటర్లు – ఈ మూడు వ్యాపారాల కోసం వచ్చే విదేశీ అతిథులు ఎందరో. రేపు ఉద్యోగాల్లో చేరాక వారిని వెంటబెట్టుకొని తిప్పే పని మనలో చాలామందికి తప్పదు. నాకు ఆ పని ఇప్పటికే అంటుకుంది. మా ఇంట్లో విత్తన వరి సాగు కలదు. పూత సమయంలో కంపెనీవాళ్లు తమ అతిథులను మా పొలానికి తీసుకొస్తారు. వారు ఆడ సాళ్లు, మగ సాళ్లు చూసి, ఫొటోలు తీసుకొని, వేపచెట్టు కింద మజ్జిగ తాగాక అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎల్లుండి ఒకటిన్నర రోజు ఖాళీ. ఏం చూడాలి, ఏం కొనాలి?" మా నాన్న వెంటనే "మావాడు పట్నంలో చదువుతున్నాడు, వాణ్ణి అడగండి" అంటాడు. అమెరికాలో పదేళ్లు ఉండి ఆఫీసు పని మీద వారం రోజులకు వచ్చే మన బంధువులూ ఇదే అడుగుతారు. వారు విడిచిపోయిన హైదరాబాదు వేరు, ఇప్పుడున్నది వేరు. కాబట్టి ఇది వారికీ పనికివస్తుందనుకుంటున్నాను.

మొదట క్యాలెండరు సంగతి. అతిథి సోమవారం దిగి, శుక్రవారం దాకా పని చూసుకొని, ఆదివారం రాత్రి వెళ్తాడనుకుందాం. వారం రోజులున్నాయి గదా అనిపిస్తుంది. కాని లెక్కపెట్టవలసింది రోజులను కాదు, వెలుతురు ఉండే గంటలను. పని రోజుల్లో సాయంత్రం ఆరు దాటాక మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద కారు కంటే మనిషి నడకే నయం. ఇక సెలవు రోజులు. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూత. చౌమహల్లా ప్యాలెస్ కూడా అంతే. జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. శుక్రవారం మధ్యాహ్నం పని త్వరగా ముగిసిందని సంబరపడి పాతబస్తీకి పరుగెత్తితే, తలుపులు మూసి ఉంటాయి. పైగా మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ కాబట్టి వీధులు కిక్కిరిసి ఉంటాయి. పాతబస్తీని శనివారానికి పెట్టుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. హైదరాబాదు నుంచి విదేశాలకు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకనే బయలుదేరుతాయి. "ఆదివారం రాత్రి మూడు గంటలకు" అంటే టిక్కెట్టు మీద అది సోమవారం అవుతుంది. ఈ తేదీ సరిగ్గా చూసుకుంటే ఆదివారం పగలంతా మన చేతిలో ఉంటుంది.

తరువాత పటం. కంప్యూటరు కంపెనీలు నగరానికి పడమట ఉన్నవి. గోలకొండ కూడా ఆ వైపే. కాబట్టి కోటను పని రోజుల్లోనే ఒక ఉదయం, తలుపు తీసే వేళకు పోయి చూసి రావచ్చు. ఎండ ముదిరాక మెట్లెక్కటం కష్టం, వేసవిలో అయితే మరీను. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపించటం అందరూ చెప్పేదే. ఫిజిక్సు విద్యార్థులు ధ్వని పరావర్తనం పాఠాన్ని అక్కడ చెబితే అతిథులు సంతోషిస్తారు. ఈ కోట 1687లో ఔరంగజేబు వశమయింది. గోలకొండ వజ్రాలు ఈ కొండలో దొరికినవని చాలామంది అతిథుల నమ్మకం. అవి కృష్ణాతీరాన కొల్లూరు వంటి గనుల నుంచి ఇక్కడి బజారుకు అమ్మకానికి వచ్చినవి. పంటకు మార్కెట్టు యార్డు పేరు పడినట్లన్నమాట!

హైటెక్ సిటీ పక్కనే ఉన్న శిల్పారామం ఒక సాయంత్రానికి సరిపోతుంది. అక్కడ కొనకపోయినా సరే, ఏ వస్తువు ఎట్లా ఉంటుంది, ధర ఏ మాత్రం అన్నది కంటికి అలవాటు అవుతుంది. ఆ మర్నాడు ఎక్కడ బేరమాడినా ఆ అలవాటే ఆదుకుంటుంది.

శనివారం పాతబస్తీకి కారులో పోనక్కరలేదు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగి ఆటో తీసుకుంటే సులువు. ముందు సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించిన వస్తువులతో 1951లో తెరిచిన ఈ మ్యూజియంను పూర్తిగా చూడటానికి రెండు రోజులైనా చాలవు. మేలిముసుగు రెబెక్కా విగ్రహం, ఒకవైపు మెఫిస్టోఫిలిస్, ఇంకోవైపు మార్గరెట్టా కనిపించే కొయ్య బొమ్మ చూసి, పన్నెండు కొట్టే వేళకు గడియారం ముందు కూర్చోవాలి. చిన్న బొమ్మ బయటికి వచ్చి పన్నెండు గంటలూ కొడుతుంది. తెల్లవాళ్లూ, మా ఊరివాళ్లూ ఒకే తీరుగా నోరు తెరిచి చూస్తారు.

అక్కడి నుంచి చార్మినారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించినది. దాని పక్కనుంచే లాడ్ బజారు మొదలవుతుంది. ఇక్కడ కొనదగినవి లక్క గాజులు. జువాలజీ చదివేవాళ్లకు చెప్పనక్కరలేదు గాని, లక్క అనేది ఒక పురుగు స్రవించే జిగురు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఆడ పురుగులు ఆ జిగురుతో గూడు కట్టుకుంటాయి. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గిరిజనులు దానిని కొమ్మలనుంచి గీకి సేకరిస్తారు. ఇక్కడి పనివాళ్లు దానిని నిప్పు సెగ మీద మెత్తబరచి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ చేత్తో పొదుగుతారు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే బజారులో ప్లాస్టిక్కు గాజులూ, లోహపు గాజులూ పక్కపక్కనే అమ్ముతారు. అడిగి, పనివాడు ఎదుటే రాళ్లు పొదిగే కొట్లో కొనటం మంచిది. అట్లాంటి కొట్లు ఇంకా ఉన్నాయి.

పక్కనే పత్తర్‌గట్టిలో ముత్యాలు. వెనుకటి రోజుల్లో ఇవి బస్రా వైపు నుంచి వచ్చేవి. ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీళ్ల చెరువుల్లో పెంచినవి. అందులో తప్పేమీ లేదు, అవీ ముత్యాలే, కాని వాటి ధర వాటికే ఉండాలి. అసలు ముత్యాన్ని పంటికి మెల్లగా రాస్తే సన్నని ఇసుక తగిలినట్లు గరగరలాడుతుంది, గాజుపూస జారిపోతుంది. ముత్యం కాల్షియం కార్బొనేటు గనుక ఆమ్లం వేస్తే పొంగుతుంది. కెమిస్ట్రీ విద్యార్థులు దయచేసి ఆ పరీక్ష దుకాణంలో చేయవద్దు.

ఇక ఆదివారం. నన్నడిగితే ఆ రోజును పోచంపల్లికి ఇవ్వాలి. నగరానికి తూర్పున సుమారు 45 కిలోమీటర్లు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు దానం చేసిన ఊరు ఇదే. అందుకే భూదాన్ పోచంపల్లి అయింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది.

పోచంపల్లి చీర మీది బొమ్మ చీర నేశాక అద్దినది కాదు. నేయకముందే నూలు మీద వేసినది. దారాలను చాచి కట్టి, వాటి మీద బొమ్మ గీసుకొని, రంగు తగలకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, విప్పుతారు, మళ్లీ కడతారు. ఎన్ని రంగులైతే అన్నిసార్లు. ఆ దారాలు మగ్గం ఎక్కి పడుగూ పేకా కలిసినప్పుడు బొమ్మ దానంతటదే వచ్చి నిలుస్తుంది. దారం వెంట్రుకవాసి జరిగినా అంచు కొంచెం అలుక్కుపోయినట్లు ఉంటుంది. ఆ అలుకుడే అసలైనదానికి గుర్తు. అచ్చువేసిన నకిలీ గుడ్డలో గీతలు కత్తితో కోసినట్లుంటాయి, తిరగేస్తే వెనకవైపు వెలిసి కనపడుతుంది. నేసినది రెండువైపులా ఒకటే. పట్టా కాదా అన్న సందేహం వస్తే అంచున ఒక పోగు తీసి కాల్చమనాలి. పట్టు వెంట్రుక కాలిన వాసన, నూలు కాగితం కాలిన వాసన వేస్తుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూసగా ముద్దకడుతుంది.

పేక నూలును మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసే పనిని ఆసు పోయటం అంటారు. ఒక చీరకు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. తల్లి లక్ష్మమ్మగారి భుజం నొప్పి చూడలేక, పెద్దగా చదువు లేని చింతకింది మల్లేశంగారు ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కథ చెప్పకుండా ఏ అతిథికీ నేను ఆ చీరలు చూపించను. పొద్దున పొలంలో ఆడమనుషుల నడుములు చూసినవాడికి ఆ భుజం నొప్పి వేరే వివరించనక్కరలేదు.

నేను పోచంపల్లికే పొమ్మనటానికి కారణం కూడా అదే. మావాళ్లు పత్తిని క్వింటాలు లెక్కన అమ్ముతారు. ధర మావాళ్ల చేతిలో ఉండదు, తూకం కూడా ఒక్కోసారి ఉండదు. నేతపనివాళ్లదీ అదే బాధ. చాలా ఇళ్లలో నూలూ రంగులూ షావుకారివి, నేతపనివాళ్లకు కూలీ మాత్రమే. నగరంలో అద్దాల కొట్టు చేరేసరికి చీర ధర ఎన్నో చేతులు మారి పెరుగుతుంది. ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చేసిన పనికి వచ్చేది అందులో కొద్ది భాగం. ఊళ్లో సహకార సంఘం దుకాణంలోనో, సొంత మగ్గం ఉన్న ఇంట్లోనో కొంటే అతిథికి చవక, నేసినవాళ్లకు ఎక్కువ. ఇక్కడ బేరం గురించి ఒక మాట. లాడ్ బజారులో బేరమాడకపోతే దుకాణదారుకే తోచదు, సగం నుంచి మొదలుపెట్టండి. మగ్గం గుంటలో కూర్చున్న మనిషితో మాత్రం ఆ ఆట వద్దు. చేనేత మార్కు, పట్టుకు సిల్క్ మార్కు ఉన్నదా అని అడగండి, చాలు.

కుట్టించవలసిన గుడ్డ అయితే ఆదివారం దాకా ఆగకూడదు. దర్జీకి నాలుగు రోజులైనా గడువివ్వాలి గనుక, చొక్కా, జాకెట్టు గుడ్డలు సోమ, మంగళవారాల్లోనే నగరంలోని ప్రభుత్వ చేనేత దుకాణాల్లో తీసుకోవాలి. బరువైనవి చివర. అట్లాంటి వాటిలో నాకు నచ్చినది బిద్రీ పని. 140 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటకలోని బీదరులో చేసే ఈ సామాను హైదరాబాదు హస్తకళల దుకాణాల్లోనూ దొరుకుతుంది. ఎక్కువ జింకు, కొద్దిగా రాగి కలిపిన లోహం మీద వెండి పొదిగి, పాత కోట మట్టినీ నవాసారాన్నీ కలిపిన నీటిలో వేడిచేస్తారు. జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ప్రయోగశాల లేకుండా వందల ఏళ్లనుంచి చేస్తున్న ప్రయోగం ఇది!

కొనకూడనివి కూడా చెప్పాలి. నూరేళ్లు దాటిన విగ్రహాలు, పాత్రలు, 75 ఏళ్లు దాటిన వ్రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం దేశం దాటించరాదు. "నిజాం కాలం నాటిది సార్" అని దుకాణదారు చెప్పింది అబద్ధమైతే డబ్బు దండుగ, నిజమైతే కస్టమ్సులో చిక్కు. ఏనుగు దంతం వస్తువులు అసలే ముట్టుకోరాదు. మా పొలానికి వచ్చే అతిథులు కొందరు గుప్పెడు వడ్లు జేబులో వేసుకోబోతారు. చాలా దేశాల్లో తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం లేకుండా విత్తనం దించనివ్వరు. ఆవకాయ సీసా కావాలంటే గట్టిగా మూతబిగించి పెద్ద పెట్టెలో పెట్టాలి. చేతిసంచిలో అయితే నూనె ఉందని తీసేస్తారు.

"తాజ్‌మహల్ ఒక్కరోజులో చూసి రాలేమా?" అని తప్పక అడుగుతారు. అది ఢిల్లీలో పనున్నవారికి చెల్లుతుంది. అక్కడికి ఆగ్రా 230 కిలోమీటర్లు, అదీ శుక్రవారం కాకుండా. హైదరాబాదు నుంచి అయితే ఆ రెండు రోజులను వరంగల్లుకు ఇవ్వటం మేలు. వేయిస్తంభాల గుడి, కోట తోరణాలు చూసి రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి చూడవచ్చు. 2021లో యునెస్కో జాబితాకెక్కిన ఆ గుడి శిఖరపు ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక.

చిన్న కొట్లలో విదేశీ కార్డులు చాలాచోట్ల పనిచేయవు. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవాలి. లక్క గాజులు కొన్నాక ఎండలో నిలిపిన కారులో వదిలి పోచంపల్లి వీధులు తిరగవద్దు. లక్కకు వేడికి మెత్తబడే గుణం కలదు. దూదిలో చుట్టి చేతిసంచిలోనే ఉంచుకోవాలి.