వెయ్యి మార్కుల మీద ఎర్ర సిరా

ధరలు నెలకు 50 శాతానికి మించి పెరిగే స్థితిని ఆర్థికవేత్తలు అతి ద్రవ్యోల్బణం అంటారు. 1956లో ఫిలిప్ కేగన్ ప్రతిపాదించిన ఈ కొలమానాన్ని 1923 నాటి జర్మనీ ఎన్నో రెట్లు దాటిపోయింది. అందుకే పాత కరెన్సీ నోట్లను సేకరించేవారికి ఆ కాలపు కాగితం ఇప్పటికీ తరగని గని.

మొదటి ప్రపంచ యుద్ధపు ఖర్చును పన్నులతో కాక ప్రధానంగా అప్పులతో నెట్టుకొచ్చిన జర్మనీ, ఓటమి తరువాత యుద్ధ పరిహారాల భారాన్ని కూడా మోయవలసి వచ్చింది. 1923 జనవరిలో ఫ్రెంచి, బెల్జియన్ సేనలు రూర్ పారిశ్రామిక ప్రాంతాన్ని ఆక్రమించగా, పని మానేసి నిరసన తెలిపిన కార్మికులను పోషించడానికి ప్రభుత్వం నోట్ల ముద్రణనే నమ్ముకోవడంతో, 1914లో 4.2 మార్కులున్న డాలరు ధర 1923 నవంబరు నాటికి 4 లక్షల 20 వేల కోట్ల మార్కులకు చేరింది.

ఈ పతనపు వేగమంతా నోట్ల మీదే కనిపిస్తుంది. కేంద్ర బ్యాంకు అయిన రైక్స్‌బాంక్ తన సొంత అచ్చు యంత్రాలు చాలక వందకు పైగా ప్రైవేటు ముద్రణాలయాలకు పని అప్పగించింది. సమయం లేక చాలా నోట్లను ఒక వైపే అచ్చువేసి, రెండో వైపు ఖాళీగా వదిలేసింది. 1922 డిసెంబరు 15 తేదీతో సిద్ధమైన వెయ్యి మార్కుల నోటు మీద 1923లో ఎర్ర సిరాతో అడ్డంగా 'వంద కోట్ల మార్కులు' అన్న అర్థమిచ్చే అక్షరాలు కొట్టి చలామణిలోకి వదిలారు. ఆనాటి తొందరను ఇంత సూటిగా చూపే ఆధారం మరొకటి దొరకడం కష్టం. ప్రైవేటు ముద్రణాలయాలను సూచించే సంకేతాక్షరాలు, క్రమసంఖ్యలోని అంకెల సంఖ్య, సిరా రంగు, కాగితంలోని నీటిగుర్తు వేరువేరుగా ఉండటంతో, ఒకే విలువ గల నోటులోనూ సేకర్తలు అనేక రకాలను గుర్తిస్తారు.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు తరచు పొరబడేది అంకెల పేర్ల దగ్గర. జర్మన్‌లో 'మిలియార్డె' అంటే వంద కోట్లు, 'బిలియోన్' అంటే లక్ష కోట్లు కాబట్టి, ఆ రెండో మాటను ఇంగ్లిషు బిలియన్‌గా చదివితే నోటు విలువ వెయ్యి రెట్లు తగ్గిపోతుంది.

రైక్స్‌బాంక్ నోట్లు చాలని చోట పట్టణాలు, కర్మాగారాలు అచ్చువేసుకున్న అత్యవసర నోట్లను 'నోట్‌గెల్డ్' అంటారు. నార బట్టల నేతకు పేరుపడ్డ బీలెఫెల్ట్ పట్టణం నారబట్ట మీద, పట్టు మీద కూడా వీటిని ముద్రించింది. సేకర్తలకు అమ్మేందుకే చేసినవీ వీటిలో ఉన్నాయి గనుక, అవసరం పుట్టించిన నోటునూ, అమ్మకం కోసం పుట్టిన నోటునూ వేరుచేసి చూడటం మంచి సేకర్త లక్షణం.

సున్నాలు ఎక్కువైతే నోటు అరుదైనదే అనుకోవడం చాలా వరకు పొరపాటు. లక్షలు, కోట్ల మార్కుల నోట్లు మార్పిడికి కొరగాక ఇళ్లలోనే మిగిలిపోయాయి కనుక ఈనాటికీ చవకగా దొరుకుతాయి. కాని 1923 నవంబరులో రెంటెన్‌మార్క్ అనే కొత్త ద్రవ్యం వచ్చి, లక్ష కోట్ల పాత మార్కులకు ఒకటి చొప్పున విలువ స్థిరపడిన తరువాత, 1924 ఫిబ్రవరి 15 తేదీతో వెలువడిన 100 లక్షల కోట్ల మార్కుల నోటు వంద రెంటెన్‌మార్కులతో సమానమైంది; అంతటి సొమ్మును చేతిలో ఉంచుకొని మురిగిపోనిచ్చేవారు అరుదు కాబట్టి అది దాదాపుగా తిరిగి బ్యాంకుకే చేరింది, మిగిలిన కొద్ది ప్రతులే నేడు అత్యంత విలువైనవి.