తొంభయ్యవ నిమిషం వరకు

2000 మే 7వ తేదీ. పారిస్ శివార్లలోని స్టాడ్ ద ఫ్రాన్స్ క్రీడాప్రాంగణం సుమారు 78 వేల మంది ప్రేక్షకులతో కిక్కిరిసి ఉన్నది. దేశాధ్యక్షుడు జాక్ షిరాక్ కూడా వారిలో ఆసీనులై ఉన్నారు. ఫ్రెంచి కప్పు ఫైనల్ పోటీ జరుగుతున్నది. ఒక పక్క, అంతకు ముందు సంవత్సరం అదే కప్పును గెలుచుకున్న నాంత్ జట్టు. రెండవ పక్క, దేశంలోని నాల్గవ శ్రేణి లీగులో ఆడే కలే జట్టు. మొదటివారికి ఫుట్‌బాలే వృత్తి. రెండవవారిలో పంతుళ్ళు, గుమాస్తాలు, రేవులో పనిచేసేవారు ఉన్నారు. పగలంతా ఉద్యోగం చేసుకొని, సాయంకాలం మైదానానికి వచ్చి సాధన చేసే మనుషులు వారు.

ఆట మొదలైన 34వ నిమిషంలో బంతి నాంత్ గోలులోకి దూసుకుపోయింది. కొట్టినవాడు కలే ఆటగాడు జెరోమ్ ద్యుతిత్ర్.

ఇటువంటి దృశ్యం సాధ్యం కావడానికి కారణం ఆ పోటీ స్వరూపమే. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగానే ఈ కప్పు ప్రారంభమైంది. ఆ యుద్ధంలో 1915లో మరణించిన క్రీడాసంఘ నిర్వాహకుడు షార్ల్ సిమోఁ పేరును దానికి పెట్టారు. పల్లెటూరి జట్టు మొదలు పారిస్ మహానగరపు జట్టు దాకా, సముద్రాల కావలి ఫ్రెంచి దీవుల జట్లతో సహా, ఏడు వేలకు పైగా క్లబ్బులు ఏటా ఇందులో పాల్గొంటాయి. ఏ జట్టు ఎవరితో ఆడాలో చీటీలు తీసి నిర్ణయిస్తారు. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకు. లీగులో డబ్బున్నవాడిదే పైచేయి కావచ్చు. ఇక్కడ మాత్రం పేదవాడు ఒక్క రోజు ఒళ్ళు మరచి ఆడితే చాలు.

కలే ఇంగ్లీషు చానల్ ఒడ్డున ఉన్న రేవుపట్టణం. ఇంగ్లండు అక్కడికి 34 కిలోమీటర్ల దూరం మాత్రమే. పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లేయ నేతగాళ్ళు తెచ్చిన యంత్రాలతో అక్కడ లేసు పరిశ్రమ వర్ధిల్లింది, తరువాత క్షీణించింది. 1999లో పట్టణ జనాభా సుమారు 77 వేలు. అంటే పట్టణవాసులందరూ కదలివచ్చినా స్టాడ్ ద ఫ్రాన్స్ పూర్తిగా నిండదు.

శిక్షకుడు లాదిస్లాస్ లొజానో నాయకత్వంలో ఆ జట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కింది. రెండవ శ్రేణికి చెందిన లీల్, కాన్ జట్లను పెనాల్టీలతో ఓడించింది. క్వార్టర్ ఫైనల్లో మొదటి శ్రేణి జట్టు స్ట్రాస్‌బూర్ 2-1 తేడాతో తలవంచింది. సొంత మైదానం చిన్నది కావడంతో పెద్ద పోటీలను లాఁస్ నగరానికి తరలించవలసి వచ్చింది. ఏప్రిల్ 12న అక్కడే సెమీఫైనల్. ప్రత్యర్థి బోర్దో, 1999 జాతీయ విజేత. నిర్ణీత సమయంలో ఎవరూ గోలు చేయలేదు. అదనపు సమయంలో కలే మూడు గోలులు చేసింది, బోర్దో ఒక్కటే చేయగలిగింది. వృత్తి క్రీడాకారుల విధానం 1932లో ఆరంభమైన తరువాత నాల్గవ శ్రేణి నుంచి ఫైనల్ చేరిన మొదటి జట్టు ఇదే.

ఇక ఆ ఫైనల్ సంగతి. విరామం వరకు కలేదే ఆధిక్యం. 50వ నిమిషంలో నాంత్ ఆటగాడు ఆంత్వాన్ సిబియెర్‌స్కీ స్కోరు సమం చేశాడు. అతడు కూడా ఉత్తరాదివాడే, లీల్‌లో పుట్టినవాడు. గడియారం ముందుకు సాగింది. అదనపు సమయం తప్పదని అందరూ అనుకుంటుండగా, 90వ నిమిషంలో రిఫరీ నాంత్‌కు పెనాల్టీ ఇచ్చాడు. అది న్యాయమా, అన్యాయమా అన్న వాదన ఆనాటి నుంచీ ఉన్నది. సిబియెర్‌స్కీ గురి తప్పలేదు. 2-1.

తరువాత జరిగినదే ప్రేక్షకుల మనస్సులలో నిలిచిపోయింది. నాంత్ నాయకుడు మికాయెల్ లాండ్రో కప్పు అందుకొనే వేళ, ఓడిన జట్టు నాయకుడు రెజినాల్డ్ బెక్‌ను పక్కకు పిలిచాడు. ఇద్దరూ కలిసి కప్పును పైకెత్తారు.

పరాజయంలో గౌరవం ఆ పట్టణానికి కొత్త కాదు. 1347లో ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డు పదకొండు నెలల ముట్టడి అనంతరం కలేను లొంగదీసుకున్నప్పుడు, ఊరిని కాపాడడానికి ఆరుగురు పౌరులు మెడలకు ఉరితాళ్ళు తగిలించుకొని శత్రువు ఎదుటికి నడచి వెళ్ళారని చరిత్రకారుడు ఫ్రువాసార్ రాశాడు. రాణి ఫిలిప్పా వేడుకోలు వల్ల వారి ప్రాణాలు దక్కాయట. శిల్పి రొదాఁ మలచిన ఆ ఆరుగురి కంచు విగ్రహాలు నేటికీ పురపాలక భవనం ముందు నిలబడి ఉన్నాయి.

ఫుట్‌బాల్ జట్టు గతి మాత్రం వేరుగా పరిణమించింది. కొంతకాలం మూడవ శ్రేణికి ఎగబాకింది. 2006లో మరొకసారి కప్పు క్వార్టర్ ఫైనల్ చేరి, మళ్ళీ నాంత్ చేతిలోనే 1-0తో ఓడింది. 2008లో పట్టణంలో సుమారు 12 వేల మంది కూర్చునే కొత్త క్రీడాప్రాంగణం వెలిసింది. 2000 నాటి ఘనకార్యానికి గుర్తుగా దానికి ‘స్టాడ్ ద లెపొపే’, అంటే ‘వీరగాథా ప్రాంగణం’ అని పేరు పెట్టారు. కాని పెద్ద ప్రాంగణం ఉన్నంత మాత్రాన పెద్ద జట్టు తయారు కాదు. కప్పులో ఒక్క రోజు సాహసం చాలు. లీగులో ప్రతి నెలా జీతాలు ఇవ్వాలి, ప్రయాణ ఖర్చులు భరించాలి, ఏటా లెక్కలు చూపాలి. అప్పులు పెరిగాయి. జట్టు కింది శ్రేణులకు జారింది. 2017 సెప్టెంబరులో న్యాయస్థానం క్లబ్బును మూసివేయించింది.

వీరగాథ పేరు పెట్టుకున్న ప్రాంగణం నిలిచి ఉన్నది. ఆ గాథను సృష్టించిన జట్టు లేదు. అయినా ఫ్రాన్సులో ఏ చిన్న ఊరి జట్టు అయినా పెద్దవారిని ఓడించిన రోజున, కలే పేరు ఎవరో ఒకరు తలచుకుంటారు. కప్పు దక్కని జట్టుకు మిగిలిన ఆస్తి అది. దానిని ఏ అప్పులవాడూ జప్తు చేయలేడు.