చలిజ్వరపు క్రిమి, దాని గంధకపు గురుతు

మాది గోదావరికి ఈవల ధర్మపురి ప్రాంతము. ఆవలి ఒడ్డున ఆదిలాబాదు అడవులు. నది దాటి పోవువారితో మా యింటి పెద్దలు, అచ్చటి నీరు త్రాగిన చలిజ్వరము పట్టునని చెప్పెడివారు. తప్పు నీటిది కాదు, దోమది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని చూచి ఆ సంశయమును తీర్చినాడు.

నేటి సంశయము వేరు. ఆర్టెమిసినిన్ జాతి మందు క్రిములను వేగముగా చంపును. అయినను కొన్ని చావవు. 2008 మొదలు కాంబోడియా నుండి ఇట్టి వార్తలు వెలువడినవి. మందు నెత్తురులో నిలుచునది కొలది గంటలే. ఈ మొండి క్రిములు అంతవరకు నిద్రవంటి స్థితిలో పడియుండి, పిమ్మట మేల్కొనును. కెల్చ్-13 అను జన్యువునందలి మార్పు ఇందుకు ముఖ్యకారణము. కాని అదియొక్కటే కాదేమో యని శాస్త్రజ్ఞులకు తోచినది.

శ్రోతలారా, ఏ జీవకణమందైనను మాంసకృత్తులు తయారగునపుడు, వానికి కావలసిన ఎమినో ఆమ్లములను ఒక్కొక్కటిగా మోసికొనివచ్చు చిన్న ఆర్.ఎన్.ఏ.లు గలవు. వీనిని వాహక ఆర్.ఎన్.ఏ.లందురు. ఒక్కొక్కటి డెబ్బది, ఎనుబది పూసల దండవంటిది. మనుష్యునిలో వీని జన్యువులు వందలకొలది. ఫాల్సిపారం అను మలేరియా క్రిమిలో 45 మాత్రమే. ఇంత కొద్దిమంది కూలీలతో సేద్యము చేయు రైతు ఒక్కొక్కని పనిని ఎంత కనిపెట్టి యుండవలెను! క్రిమి ఆ పనిని రసాయనపు గురుతులతో చక్కబెట్టుకొనును. దండలోని ఒక పూసయందు ఆమ్లజని పరమాణువునకు బదులు గంధకపు పరమాణువును నిలుపుట అట్టి గురుతులలో నొకటి. లైసిను అను ఆమ్లమును తెచ్చు వాహకమునకు ఈ గంధకము ముఖ్యము.

2024లో కొలంబియా విశ్వవిద్యాలయపు పరిశోధకులును, వారి సహచరులును ప్రకటించినదేమనగా, మందు తగిలిన పిమ్మట మొండి క్రిములలో ఈ గురుతు తగ్గుచున్నది. దానితో కొన్ని మాంసకృత్తుల తయారీ మారుచున్నది; కెల్చ్-13 మాంసకృత్తు వానిలో నొకటి. అంతట వారు మందుకు లొంగెడి క్రిములనే తీసికొని, గంధకమును చేర్చు ఎంజైమును తగ్గించి చూచిరి. అవియు మునుపటికన్న ఎక్కువగా బ్రదికినవి! జన్యువులో ఒక్క అక్షరమైనను మారకుండ, ఒక గురుతు లోపించుటచేతనే మందునకు ఓర్చుకొను శక్తి పెరుగవచ్చునన్నమాట. నాకు భయము గొలిపినది ఇదియే.

ఈ కారణముననే ఆ మందునకు తోడుగా, నెత్తురులో చాలకాలము నిలుచు మరియొక మందును చేర్చి, మూడు దినములు ఇత్తురు. తిర్యాణి వైపు ఒక గూడెమున, మనుమనికి మొదటినాడు మందు వేసి, మరునాడు జ్వరము దిగగానే తక్కిన మాత్రలను చూరులో దాచిన ముసలమ్మను చూచితిని.

"మల్లొచ్చినప్పుడు అక్కరకొస్తయి బిడ్డా" అన్నది.

ఆమెకు గంధకము సంగతి చెప్పలేదు. "పురుగు పండుకున్నదవ్వా, సావలేదు" అంటిని. అవ్వ కొంతసేపు నా మొగము చూచి, చూరులో చేయిపెట్టి మాత్రల పొట్లము తీసినది.